నిత్యజీవితంలో ఆనందం: పాలమూరు నేల నేర్పే పాఠం

ఆనందాన్ని కోరని మానవుడు లేడు. అయితే అది ఎక్కడ లభిస్తుందని ప్రశ్నిస్తే ధనంలోనని కొందరు, పదవిలోనని కొందరు బదులిస్తారు. విద్యార్థిని అడిగితే పరీక్షలు ముగిసిన పిమ్మటనని, ఉద్యోగం దొరికిన పిమ్మటనని చెబుతాడు. ఈ విధంగా ఆనందాన్ని వాయిదా వేస్తూ పోవడం అలవాటైనవానికి, అది చేతికందే నాటికి అనుభవించే శక్తి మిగలదు. కుటుంబం, కళలు, గ్రంథాలు, యాత్రలు అనే నాలుగు మార్గాలలో ప్రతిదినం మనకు అందుబాటులో ఉన్న ఆనందాన్ని, శ్రీరంగాపూర్ పరిసరాలను ఆధారంగా చేసుకొని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది పాఠ్యగ్రంథాలకు తగిన విషయమేనా అని కొందరు సందేహించవచ్చు. ఆ సందేహానికి మన ప్రాంతపు మహనీయుడే ఏనాడో సమాధానమిచ్చారు. అలంపురం ప్రాంతంలోని ఇటిక్యాలపాడు స్వగ్రామంగా గల సురవరం ప్రతాపరెడ్డి గారు (1896–1953) రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వెలువడింది. రాజుల యుద్ధాలు, వంశావళులే చరిత్ర అనుకొనే కాలంలో, మన పూర్వులు ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండుగలు చేసుకున్నారు అనే ప్రశ్నలను ఆయన చరిత్రకు విషయంగా స్వీకరించారు. ఆ గ్రంథానికే 1955లో తెలుగులో తొలి సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. 1952లో మన వనపర్తి నియోజకవర్గం నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన ఆయన, ఆ గౌరవాన్ని చూడకుండానే కన్నుమూశారు.

ఆయనకు సమాచారం అందించినవి రాజశాసనాలు మాత్రమే కావు, కావ్యాలు కూడా. ఉదాహరణకు క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు ఓరుగల్లు వీధులలో ఒక దినమంతా సంచరిస్తారు. పూటకూటి ఇంట భోజనం చేస్తారు, కోడిపందెం చూస్తారు, పల్నాటి వీరుల కథాగానం వింటారు. ఆ కవి వాటిని అల్పవిషయాలని విడిచిపెట్టి ఉంటే, కాకతీయ నగరపు నిత్యజీవితం మనకు ఈ మాత్రమైనా తెలిసేది కాదు. వ్రాసి ఉంచని ఆనందం కొంతకాలానికి లేనిదానితో సమానమవుతుంది. ఈ వ్యాసమంతటికీ ఇదే మూలసూత్రం.

కుటుంబం

ఆనందానికి మొదటి పాఠశాల ఇల్లు. మన కళాశాలలో చదువుకొనే అనేకుల ఇండ్లలో దక్కనీ ఉర్దూ వినిపిస్తుంది. గడప దాటితే తెలుగు. ఒకే శిశువు నానీమా ఒడిలో ‘పహేలీ’ విప్పుతాడు, వీధి అరుగు మీద పొడుపుకథ విప్పుతాడు. దీనిని భారమని భావించేవారున్నారు. మా అభిప్రాయంలో ఇది రెండింతల సంపద. రెండు భాషలలో నవ్వగలిగినవానికి ఏకాకితనం తక్కువ.

రాత్రివేళ దస్తర్‌ఖాన్ పరచి ఇంటివారందరూ కలిసి కూర్చుంటే, జొన్నరొట్టె, పచ్చిపులుసు అయినా విందుగా మారుతుంది. ఈద్‌నాడు పొరుగిండ్లకు షీర్‌ఖుర్మా పంపడం, సంక్రాంతికి ఆ ఇండ్ల నుండి సకినాలు రావడం మన పల్లెలలో ఎవరూ ప్రత్యేకించి చెప్పుకొనే విశేషం కాదు. చెప్పుకోనవసరం లేనంత సహజమైనందుననే దానిని గుర్తుంచుకోవలసిన అవసరం ఎక్కువ.

ఆటల విషయమూ ఇంతే. అచ్చనగండ్లు, వామనగుంటలు, పులిజూదం, చిర్రగోనె వంటి ఆటలకు గవ్వలు, గులకరాళ్ళు, కర్రముక్కలు చాలును. పాత మండపాల బండలపై గీచిన పులిజూదం గీతలు నేటికీ కనిపిస్తాయి. పూర్వం అయ్యలరాజు నారాయణామాత్యుడు హంసవింశతిలో తన కాలపు ఆటల పేర్లను దీర్ఘంగా ఏకరువు పెట్టాడు. వాటిలో అనేకం ఎలా ఆడేవారో చెప్పగలవారు నేడు అరుదు. ఒకే గదిలో నలుగురు కూర్చొని నాలుగు ఫోన్లలో మునిగి ఉండే ఈ దినాలలో, పేరు మాత్రమే మిగిలి ఆట పోయే ప్రమాదం మన ఇండ్లకూ వచ్చింది.

కళలు

కళ అనగానే ప్రదర్శనశాలలు, నగరాలలోని రంగస్థలాలు మనస్సుకు వస్తాయి. కాని గద్వాల మగ్గం కూడా కళాశాలయే. గద్వాల చీరలో నడిమి భాగం నూలు, అంచు, కొంగు పట్టు. వేర్వేరు స్వభావాలు గల ఈ రెండింటిని మగ్గంమీదనే ఒకటిగా కలపడంలో నేతకాని నైపుణ్యమంతా ఉన్నది. మన వేసవికి నూలు హాయి, శుభకార్యానికి పట్టు అందం. పనికి వచ్చేదానిని, కంటికి ఇంపైనదానిని వేరుచేయక ఒకే వస్త్రంలో నేసిన ఆ చేతులకు సౌందర్యశాస్త్రాన్ని ఎవరూ గ్రంథాలలో నేర్పలేదు. మన ఇంటి పెట్టెలో అటువంటి చీర ఒకటి ఉంటే, అంచు నూలుతో కలిసే చోటును ఒక్కసారి శ్రద్ధగా చూడడం విద్యార్థికి మంచి పాఠం.

ఇక సంగీతం. శ్రీరంగాపూర్‌లో చెరువు నీటి అంచున నిలిచిన రంగనాయకస్వామి దేవాలయం పద్దెనిమిదవ శతాబ్దిలో వనపర్తి సంస్థానాధీశులు నిర్మించినది. తమిళదేశపు శ్రీరంగాన్ని తలపించేలా ఊరికి పేరు వచ్చింది. ఆ శ్రీరంగానికి, మన చర్చకు మరొక చక్కని సంబంధమున్నది. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు నాదస్వర విద్వాంసులై, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుని సన్నిధిలో నాదస్వరం వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు ఆయనను వరించాయి. అదే విధంగా గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) బుర్రకథకు పర్యాయపదంగా నిలిచి 1986లో పద్మశ్రీ పొందారు. వీరిలో ఎవరూ తమ మతాన్ని విడువలేదు, తమ కళను విడువలేదు. కళానందానికి మతభేదం అడ్డురాదని ఉపన్యాసాలలో చెప్పడం సులభం. వీరు దానిని జీవితకాలమంతా ఆచరించి చూపారు.

మన పల్లెలలో పీర్ల పండుగ వేళ అలావా చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసి అడుగువేయడం కూడా ఈ సంప్రదాయంలోనిదే.

గ్రంథాలు

గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలు సాహిత్యపోషణకు ప్రసిద్ధి చెందినవి. గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అనే పేరే వచ్చింది. తిరుపతి వేంకట కవులు అవధానాలు చేస్తూ ఈ సంస్థానాలను దర్శించారు. అంతకుముందే, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, పొన్నికంటి తెలగనార్యుడు తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొటంచెరువు అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. పారశీకం రాజభాషగా ఉన్న కాలంలో తెలుగు కావ్యం వినడం ఒక ముస్లిం ప్రభువుకు ఆనందకారణమైనదని ఇందువల్ల గ్రహించాలి. మన కాలంలో దాశరథి కృష్ణమాచార్యులు ‘గాలిబు గీతాలు’ ద్వారా ఉర్దూ కవితను తెలుగువారి ముంగిటికి తెచ్చారు. ఈ రెండు భాషలు చదివే మన విద్యార్థులు ఆ వంతెనకు ఇరువైపులా నడవగలవారు. ఈ అదృష్టం అందరికీ లభించదు.

అయితే గ్రంథపఠనం నేడు పరీక్షలకు కావలసిన ‘గైడు’ వరకే కుంచించుకుపోతున్నది. పరీక్ష కొరకు చదివినది పరీక్షతో పోతుంది. ఇష్టంతో చదివినది మనతో నిలుస్తుంది. దినానికి పది పుటలు చదివినచో సంవత్సరానికి మూడువేల ఆరువందల పైచిలుకు పుటలవుతాయి. ఇది సుమారు పదిహేను గ్రంథాలతో సమానం. దీనికి ధనం అవసరం లేదు, గ్రంథాలయ సభ్యత్వం చాలును.

‘తెలంగాణలో కవులు పూజ్యం’ అనే ఆక్షేపణ ఒకప్పుడు వచ్చినప్పుడు, ప్రతాపరెడ్డి గారు వాదానికి దిగి ఊరకుండలేదు. గ్రామగ్రామం నుండి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించారు. కవులు అంతకుముందూ ఉన్నారు, కవిత్వంలోని ఆనందమూ ఉన్నది. లోపించినది వాటిని ఒకచోట చేర్చిన గ్రంథం మాత్రమే.

యాత్రలు

యాత్ర అనగా దూరదేశాలకే పోనవసరం లేదు. చూచే కన్ను ఉంటే సమీపమే చాలును. తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా ప్రసిద్ధమైన ‘కాశీయాత్ర చరిత్ర’ను రచించిన ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరి, కృష్ణను దాటి మన వనపర్తి మీదుగా హైదరాబాదు చేరి, కాశీ దర్శించి, 1831 సెప్టెంబరులో మద్రాసుకు తిరిగివచ్చారు. దారిలో ఏ మజిలీలో నీరు మంచిది, ఏ ఊరిలో ఏ వస్తువులు దొరుకుతాయి, బాట ఎట్లున్నది అనే విషయాలన్నిటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళకు తెలియజేస్తూ వచ్చారు. ఆయన మరణానంతరం 1838లో ఆ గ్రంథం అచ్చయినది. పుణ్యం ఆయనకు దక్కింది. ఆయన శ్రద్ధగా వ్రాసినందువలన ఆ యాత్రలోని ఆనందం రెండువందల ఏండ్ల తరువాత మనకు కూడా దక్కుతున్నది.

శ్రీరంగాపూర్ నుండి ఒక్క పగటిలో వెళ్ళిరాగల యాత్రను సూచిస్తాము. పెబ్బేరు చేరి, దక్షిణంగా పోయే జాతీయ రహదారి మీద బీచుపల్లి వద్ద కృష్ణను దాటి అలంపురం చేరవచ్చును. అక్కడ ఏడు, ఎనిమిదవ శతాబ్దుల బాదామి చాళుక్యుల నవబ్రహ్మ దేవాలయాలు ఉన్నవి. ఆ ప్రాంగణానికి చేరువనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉన్నది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి తెచ్చి ఇచ్చటనే పునర్నిర్మించారు. చరిత్ర, శిల్పం, ఇంజనీరింగు, సహజీవనం అనే నాలుగు పాఠాలు ఒకే ఊరిలో నేర్చుకోవచ్చును. తెలంగాణలో 2023 డిసెంబరులో స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణం ప్రారంభమైన పిమ్మట, తల్లులను, అక్కచెల్లెండ్రను వెంట తీసుకొనిపోవడం మరింత సులభమైనది. ఏండ్ల తరబడి వంటింటికే పరిమితమైన తల్లికి తుంగభద్రాతీరం చూపడం బిడ్డలకు కూడా ఆనందకరమే.

ఒక ఆక్షేపణ

ఇంతవరకు చెప్పినది కడుపు నిండినవారి మాట అని ఎవరైనా ఆక్షేపిస్తే దానిని తోసిపుచ్చలేము. పాలమూరు అనగానే దేశం తలచుకొనేది వలసను. అనేక ఆనకట్టల నిర్మాణంలో పాలమూరు కూలీల చెమట కలిసింది. పుణె, బొంబాయి నగరాలకు కూలికి పోయే కుటుంబానికి ప్రయాణం యాత్ర కాదు. అవ్వతాతల వద్ద విడువబడిన బిడ్డకు కలిసి భోజనం చేయడమే ఒక కల. నాగర్‌కర్నూలు ప్రాంతపు గౌరారంలో జన్మించిన గోరటి వెంకన్న తన పాటలలో చెదిరిపోయిన పల్లె గోడును వినిపించారు.

కాని ఈ సత్యం నుండి ఆనందం అనవసరమనే నిర్ణయానికి రావడం పొరపాటు. వలసపోయినవాడు కోల్పోయేది కూలిడబ్బులను కాదు, దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చొనే ఆ గంటను. దాని విలువ తెలిసిన సమాజమే, అది అందరికీ దక్కాలని న్యాయంగా కోరగలదు. పేదవానికి విశ్రాంతి ఎందుకు, పాట ఎందుకు, పుస్తకం ఎందుకు అని ప్రశ్నించేవాడు అతని దారిద్ర్యాన్ని మరింత పెంచినవాడవుతాడు. వలసకాలంలోనూ తల్లులు జోలపాటలు మానలేదు. పనిస్థలంలోని గుడిసె ముందర వామనగుంటలు త్రవ్వుకొనే పిల్లలకు ఆనందం విలాసం కాదు, జీవశక్తి.

విద్యార్థుల కర్తవ్యం

కనుక మా విద్యార్థులకు నాలుగు పనులు సూచిస్తున్నాము. మొదటిది, సెలవులలో ఇంటి పెద్దలను అడిగి ఒక ఆట, ఒక వంటకం, ఒక పొడుపుకథ వారి మాటలలోనే వ్రాసుకోవడం. రెండవది, ఊరిలోని ఒక కళాకారుని పని జరుగుతుండగా చూచి, పనిముట్ల పేర్లతో సహా వర్ణించడం. మూడవది, పరీక్షతో సంబంధం లేని ఒక గ్రంథాన్ని చదివి మిత్రునికి దాని గురించి చెప్పడం. నాలుగవది, సమీపంలోని ఒక స్థలాన్ని దర్శించి వీరాస్వామయ్య వలె ఉత్తరరూపంలో వ్రాయడం. ఉర్దూలో చెప్పినది ఉర్దూలో, తెలుగులో చెప్పినది తెలుగులో ఉండాలి. వీలైతే ఒకదానిని మరొక భాషలోకి తేవాలి.

కళాశాల పాలకసంఘంవారికి మా విన్నపం ఒక్కటే. ఈ వార్షిక సంచికలో ప్రతి సంవత్సరం ఇటువంటి రచనలకు కొన్ని పుటలు కేటాయించవలెను. 2016లో ఏర్పడిన వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లాల సాంఘిక చరిత్రను రేపు వ్రాయబోయేవారికి ఆ పుటలే ఆధారం కాగలవు. ప్రతాపరెడ్డి గారు ఆగినచోటి నుండి ముందుకు నడిపించే బాధ్యత ఆయన నేలపై చదువుకొనే వారిదే. అవ్వలు, నానీమాలు మన మధ్య ఉన్నప్పుడే వారిని అడగవలసినది అడుగుదాం. ఈ సెలవులలోనే ఆరంభిద్దాం.