మజిలీ: రాత్రి బసకు స్థల నిర్ణయం

తెలుగులో మనం వాడే 'మజిలీ' అన్న మాట అరబ్బీ 'మంజిల్' నుండి మనకు చేరినది. అరబ్బీలో 'నజల' అంటే దిగుట. వాహనం మీది నుండి దిగి, బరువులు దించి, రాత్రి గడిపే చోటు మంజిల్. ఉర్దూ కవులు ఈ మాటకు 'చేరవలసిన గమ్యం' అన్న అర్థాన్ని గాఢంగా అలవాటు చేసినారు. తెలుగు మాత్రం పాత అర్థాన్నే భద్రంగా దాచుకొన్నది. మనకు మజిలీ అంటే గమ్యం కాదు. గమ్యానికి నడుమ వచ్చే ఒక రాత్రి. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' అన్న పేరులో ఉన్నది ఈ అర్థమే. మకాం, డేరా, సరాయి అన్న మాటలు కూడ ఇట్లే బాటసారుల వెంట నడచి వచ్చినవి. ఉర్దూ తెలుగులు పక్కపక్కన చదువుకొనే మన కళాశాలలో ఈ మాటలతో పాటు వాటి వెనుకనున్న విద్యను కూడ తెలుసుకొనడం యుక్తమని తలచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ప్రొద్దు వాలే వేళ, పరిచయం లేని ప్రదేశంలో, రాత్రి బసకు తగిన స్థలాన్ని ఎన్నుకొనడమే ఆ విద్య. ఇది పైకి స్వల్ప విషయంగా కనిపిస్తుంది. కాని సాయంకాలం కంటికి ఇంపైన చోటు వేరు, అర్ధరాత్రి ప్రాణానికి క్షేమమైన చోటు వేరు. స్థలాన్ని దిగే గడియను బట్టి గాక, ఆ రాత్రిలో రాగల అతి కష్టమైన గడియను బట్టి నిర్ణయించాలి. మేము చెప్పదలచినది ఈ ఒక్క సూత్రమే. మిగిలినవన్నీ దానికి ఉదాహరణలు.

ఈ విద్యకు అతి కఠినమైన పాఠశాల ఎడారి. అది మనకు దూరపు విషయమని అనుకొనరాదు. నిజామాబాదు జిల్లా నుండి గల్ఫు దేశాలకు పనికై వెళ్ళినవారు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో కొందరు పట్టణాలకు దూరంగా, ఇసుక నడుమ ఒంటెలను, గొర్రెలను కాస్తూ రాత్రులు గడుపుతారు. ఈ పత్రిక చదివే విద్యార్థుల ఇండ్లలో అట్టి తండ్రులు, అన్నలు, మేనమామలు ఉండవచ్చును. అందుచేత ఎడారి రాత్రి మనకు భూగోళశాస్త్ర పాఠం మాత్రమే కాదు, ఇంటి విషయం కూడ.

ఎడారిలో మొదట విడువవలసిన చోటు 'వాది'. వాది అంటే ఎండిన ఏటి పడక. సాయంకాలం అంతకంటె ఆకర్షణీయమైన స్థలం మరొకటి కనిపించదు. అడుగున చదునైన మెత్తని ఇసుక, రెండు వైపుల గాలిని ఆపే గట్లు, అక్కడక్కడ నీడనిచ్చే చెట్లు, పొయ్యికి ఎండుపుల్లలు. అలసినవాడు ఇంతకంటె ఏమి కోరుతాడు? కాని ఆ చెట్టును పెంచినది, ఆ పుల్లలను తెచ్చి పడవేసినది వరదయే. ఎక్కడో దూరపు కొండల మీద కురిసిన వాన, గట్టిపడిన నేలలో ఇంకక, ఒక్కపెట్టున వాదిలోకి దిగుతుంది. పడుకొన్నవాని తలపై ఆకాశం నిర్మలంగానే ఉంటుంది, చుక్కలు మెరుస్తూనే ఉంటాయి. నీరు మాత్రం వచ్చేస్తుంది. 2009 నవంబరు 25వ తేదీన జిద్దా నగరంలో కొన్ని గంటల వానకే నూరుమందికి పైగా మరణించినారు. వాదుల దారిలో వెలసిన పేటలకే అధిక నష్టం కలిగినది. 2024 ఏప్రిల్ నెలలో ఒమాను దేశంలో వాది వరదకు బడిపిల్లలతో సహా పలువురు బలియైనారు. దాహానికి పేరుపడిన దేశంలో నీట మునిగి మరణించడం వింతగా తోచవచ్చును గాని, ఎడారి నెరిగినవారికి అది వింత కాదు.

వరద చేరే చోటును గుర్తించడం కష్టం కాదు. పొదల కొమ్మలకు ఎండుగడ్డి చిక్కుకొని ఉంటే, అది ఎంత ఎత్తున ఉన్నదో చూడాలి. నీరు ఒకప్పుడు అంతవరకు వచ్చినదని ఆ గడ్డిపరక సాక్ష్యం చెబుతుంది. గట్టు మీది చార, రాతిపై ఆరిన ఒండ్రు, ఒకే దిక్కుకు వాలిన పొదలు కూడ అట్టి సాక్షులే. ఆ ఎత్తుకు పైన దిగినవాడే నిశ్చింతగా నిద్రపోగలడు.

రెండవది చలి. ఎడారి గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బు తక్కువ. కనుక పగలంతా కాగిన ఇసుక ప్రొద్దు క్రుంకగానే వేడిని ఆకాశానికి వదలివేస్తుంది. చల్లని గాలి బరువైనది, అది పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. అందుచేత రెండు ఇసుక తిన్నెల నడుమనున్న గుంత సాయంకాలం గాలి తగలక హాయిగా ఉన్నా, తెల్లవారుజామున అన్నిటికంటె చల్లనిదవుతుంది. తిన్నె శిఖరాన గాలి తాకిడి ఎక్కువ. నిట్టనిలువుగా వాలిన ఇసుక కింద పడుకొంటే గాలి విసిరిన ఇసుక మీద పడుతుంది. కొంచెం ఎత్తుగా, గట్టిగా, చదునుగా ఉండి, గాలికి ఏదో ఒక చాటు ఉన్న చోటు మేలు.

మూడవది ఇతర ప్రాణుల దారి. రాత్రివేళ బాట మీద విడిది చేయవద్దని, అది జంతువులు నడిచే దారి, విషపు పురుగులు చేరే తావు అని ప్రవక్త ముహమ్మద్ (స) వారి ఉపదేశాలలో ఒకటి ఉన్నది. ఇది ఎడారి అనుభవం నుండి తీసిన ఆచరణ సూత్రం. బావి విషయం కూడ ఇట్టిదే. నీరు దగ్గరగా ఉండవలెనని బావి ఒడ్డుననే దిగడం తెలివి కాదు. నీరున్న చోటికి రాత్రి అన్ని ప్రాణులు వస్తాయి; పూర్వకాలంలో దోపిడి దండులు కూడ బావినే వెదకుతూ వచ్చేవి. నీరు తోడుకొని కొంత ఎడంగా దిగడం మేలు. పొదలకు, రాళ్ళ గుట్టలకు ఆనుకొని పడుకొనరాదు. ఉదయం చెప్పులు దులిపి గాని తొడుగరాదు, తేళ్ళు చీకటి సందులనే కోరుతాయి.

ఈ సూత్రాలు ఇసుక దేశానికి మాత్రమే చెల్లుతాయా? మన దక్కను బాటల చరిత్ర అట్లు చెప్పదు. 1830 మే 18వ తేదీన మదరాసు నుండి ఏనుగుల వీరాస్వామయ్య గారు సుమారు నూరుమంది పరివారంతో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరినారు. వారి 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. హైదరాబాదు నుండి రామాయంపేట, భిక్నూరు, ఆర్మూరు మీదుగా, గోదావరి దాటి నిర్మల వైపు సాగిన వారి మార్గం మన ప్రాంతం గుండానే పోయినది. నేటి 44వ నంబరు జాతీయ రహదారి చాలవరకు ఆ దారిలోనే ఉన్నది. ఆ గ్రంథాన్ని భక్తి కొరకు చదివేవారు కొందరు, చరిత్ర కొరకు చదివేవారు కొందరు. మేము విద్యార్థులను మరొక దృష్టితో చదువుమని కోరుతున్నాము. ప్రతి మజిలీ వద్ద ఆయన దేనిని గమనించినారు? నీరు ఉన్నదా, అంగళ్ళు ఉన్నవా, దిగడానికి తగిన చోటు ఉన్నదా, ముందు దారి ఎట్టిది, నది దాటడం ఎట్లు? నూరుమంది క్షేమం తన మీద ఉన్నవాడు సంధ్య అందాన్ని కాదు, రాత్రి అవసరాలను లెక్కపెట్టుకొంటాడు.

పాలకులు కట్టించిన సరాయిలు ఈ విద్యకు రాతి రూపాలు. హయత్‌నగరులో హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన మసీదు, దాని చుట్టూ వరుసగా తీర్చిన సరాయి గదులు, సమీపాన పెద్ద బావి. గోల్కొండ వద్ద షేక్‌పేట సరాయిలో మనుషులకు గదులు, పశువులకు సాలలు, ప్రార్థనకు మసీదు. కుతుబ్ షాహీల కాలపు ఈ కట్టడాలలో నీరు చేరువలోనే ఉన్నది గాని, నిద్ర మాత్రం గోడల లోపల. ఎడారి బాటసారి ప్రతి సాయంకాలం వెదకుకొనే స్థలాన్నే సరాయి శాశ్వతంగా సమకూర్చి ఇచ్చినది.

ఇప్పుడు మన ఇంటి ముంగిటికి వద్దాము. అరబ్బీ వాదికి, తెలుగు వాగుకు శబ్ద సంబంధం లేదు గాని స్వభావ సంబంధం ఉన్నది. మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి బోధనుకు దగ్గరలోనే ఉన్నది. వేసవిలో అక్కడి ఇసుక విశాలంగా పరచుకొని, చల్లని రాత్రికి పిలుస్తున్నట్లే ఉంటుంది. కాని మంజీర మీద ఎగువన 1923–31 మధ్య నిర్మించిన నిజాంసాగరు ఉన్నది. గోదావరి మీద ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బరాజు ఉన్నది. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం దాని గేట్లను ఏటా జులై 1న తెరుస్తారు. అనగా, ఇచ్చట చినుకు పడకున్నా నీరు రాగలదు. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుంభవృష్టికి వాగులు పొంగి రోడ్లు, రైలుకట్టలు కోసుకొనిపోయిన సంగతి అందరికి తెలిసినదే. మన వాగు కూడ ఒక్క రాత్రిలో వాది కాగలదు.

చెరకు ప్రాంతపు పాఠం మరొకటి ఉన్నది. బోధనులోని నిజాం చక్కెర కర్మాగారం 1937లో స్థాపితమై, 2015 డిసెంబరులో మూతపడినది. గానుగ ఆగినా చెరకు పొలాలు పూర్తిగా పోలేదు. నరకడానికి వచ్చిన కూలీలు పొలం గట్టుననే ఆకుల గుడిసె వేసుకొనడం కద్దు. చెరకులో ఎలుకలు, ఎలుకల వెంట పాములు. కట్లపాము నేల మీద నిద్రించేవారిని రాత్రివేళ కాటు వేస్తుంది. నొప్పి అంతగా లేనందున కాటు తెలియకనే ప్రాణం మీదికి వస్తుంది. గుడిసెను తోటకు ఎడంగా, చెత్త తీసిన నేల మీద వేసుకొనడం, మంచం మీద గాని, అంచులు పరుపు కిందికి దోపిన దోమతెరలో గాని పడుకొనడం ఖర్చు తక్కువ రక్షణలు. కాటు పడితే మంత్రాలతో కాలం పోగొట్టక, విషానికి విరుగుడు సూది ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

ఈ వ్యాసం విద్యార్థులతో పాటు కళాశాల కమిటీ పెద్దలు కూడ చదువుతారని మా ఆశ. 2014 జూన్ 8వ తేదీన హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్ళిన 24 మంది ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకొనిపోయినారు. ఎగువనున్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుండి నీరు వదలినప్పుడు వారు నది పడకలోని రాళ్ళ మీద ఉన్నారు. అది రాత్రి బస కాదు, కొద్ది నిమిషాల నిలుపుదల. అయినను సూత్రం అదే: నిలిచిన గడియను చూసినారు, రాగల గడియను చెప్పేవారు లేకపోయినారు. ఆ పిల్లల తప్పు ఎంచడం మా ఉద్దేశం కాదు. తెలియని చోట తెలిసినవారు వెంట లేకపోవడమే ఇందులో శోచనీయమైన అంశం.

కనుక విహారయాత్రలకు అనుమతి ఇచ్చేటప్పుడు నాలుగు నియమాలు పాటింపవలెనని మనవి చేస్తున్నాము. ప్రతి రాత్రి మజిలీ ఎక్కడో బయలుదేరక ముందే వ్రాతపూర్వకంగా నిర్ణయించాలి. ప్రొద్దు క్రుంకడానికి కనీసం గంట ముందే అక్కడికి చేరాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకొమ్మని పెద్దల మాట. దిగిన చోట ఆ ఊరివారిని, ముఖ్యంగా పశువుల కాపరులను, జాలరులను అడిగి నీటి సంగతి తెలుసుకోవాలి. నది పడకలో, ఆనకట్ట దిగువన, ఎంత అందంగా ఉన్నా, బస గాని ఆట గాని కూడదు.

ప్రియ విద్యార్థులారా! మీలో కొందరు ఉద్యోగాలకై హైదరాబాదు వెళతారు, కొందరు గల్ఫుకు వెళతారు, కొందరు ఈ వాగుల నడుమనే వ్యవసాయం చేస్తారు. ఎక్కడికి పోయినా పరిచయం లేని చోట ఒక రాత్రి గడపవలసిన అవసరం తప్పదు. అప్పుడు స్థలాన్ని ఒకసారి సాయంకాలపు కన్నుతో చూడండి, మరొకసారి అర్ధరాత్రి కన్నుతో చూడండి. రెండవ చూపుకు నిలిచిన చోటనే బరువు దించండి.