బూత్‌లో ఉన్న ధైర్యం బంతిలో ఎందుకుండదు?

పుట్టినరోజు కుర్రాడిది. ఫ్లెక్సీలో సగం సినిమా హీరోది, మిగిలిన సగంలో పెద్ద వాటా పార్టీ నాయకుడిది. తిరుపతి జిల్లా ఏర్పేడు కూడలి నుంచి రేణిగుంటకు పోయినా, శ్రీకాళహస్తికి పోయినా, వెంకటగిరి దారి పట్టినా ఇలాంటివి కనబడుతూనే ఉంటాయి. ఎవరి పండగ చేస్తున్నామో వాడి ముఖాన్ని కింది వరసలో, స్నేహితుల తలల మధ్య వెతుక్కోవాలి. బిడ్డ మొదటి పుట్టినరోజుకు కట్టిన బ్యానర్‌లో కూడా బిడ్డకన్నా నాయకుడి బొమ్మే పెద్దదిగా ఉంటోంది. అది వింతగా తోచనంతగా మనకు అలవాటైపోయింది.

స్నేహం, సినిమా, రాజకీయం మూడూ మన బతుకులో ఉండాల్సినవే. సినిమాలు మానెయ్, రాజకీయాలు నీకెందుకు అని యువకులకు చెప్పే పాఠాల మీద నాకు నమ్మకం లేదు. ఓటున్న మనిషికి రాజకీయం ఎందుకు వద్దు? ఒకదానికి పనికొచ్చే పద్ధతిని ఇంకోదానికి వాడినప్పుడే చిక్కు వస్తుంది. సినిమాకు అభిమానం చాలు. నచ్చిన హీరో సినిమా బాగాలేకపోయినా రెండోసారి చూస్తాం, పోయేది టికెట్ డబ్బులే. ఆ గుడ్డి అభిమానాన్నే ప్రభుత్వాల మీద పెడితే పోయేది ఊరి చెరువు, బడి, ఆస్పత్రి. దాన్నే స్నేహానికి కొలబద్ద చేసుకుంటే పలకాబలపం నాటి స్నేహితుడు దూరమవుతాడు.

మన ప్రాంతంలో ఈ మూడూ కలిసిపోవడానికి కారణముంది. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు తొమ్మిది నెలలు తిరిగేసరికి ముఖ్యమంత్రి అయ్యారు. 1983 ఎన్నికల్లో ఆయన పోటీచేసిన రెండు చోట్లలో గుడివాడ ఒకటి, తిరుపతి ఇంకొకటి. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం పేరును ప్రకటించింది తిరుపతి సభలోనే. మరుసటి ఏడాది ఆయన్ను అసెంబ్లీకి పంపిందీ తిరుపతే. తిరుపతికీ శ్రీకాళహస్తికీ నడుమనున్న మోదుగులపాళెంలో పుట్టిన మోహన్‌బాబు వెండితెర నుంచి రాజ్యసభ దాకా వెళ్ళారు. తెరమీద చూసిన మనిషి పేరునే బ్యాలెట్ మీదా చూసిన జనం మనం. థియేటర్లో వేసిన ఈలే బహిరంగసభలోనూ మోగడంలో ఆశ్చర్యం లేదు.

అంతమాత్రాన ఇక్కడి మనుషులు ఆలోచన లేనివాళ్ళని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. దానికి రుజువు 2024 ఎన్నికల్లో ఉంది.

ఆ ఏడాది మే 13న పోలింగ్. బూత్‌లో అసెంబ్లీకి ఒక యంత్రం, లోక్‌సభకు ఒక యంత్రం. ఏర్పేడు మండలం శ్రీకాళహస్తి అసెంబ్లీ నియోజకవర్గంలోనిది, తిరుపతి లోక్‌సభ స్థానం కిందికి వస్తుంది. ఆ స్థానంలో అసెంబ్లీ సీట్లు ఏడు: సర్వేపల్లి, గూడూరు, సూళ్ళూరుపేట, వెంకటగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు. ఏడింటికి ఏడూ తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గెలిచింది. అదే రోజు అదే ఓటర్లు లోక్‌సభకు మాత్రం ఎదుటి పక్షమైన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి మద్దిల గురుమూర్తిని 14 వేల పైచిలుకు మెజారిటీతో గెలిపించారు. ఎవరు ఎందుకు అలా వేశారో వాళ్ళకే తెలుసు. ఒకరు అభ్యర్థిని చూసి ఉంటారు, ఒకరు పార్టీని, ఒకరు తమ ఊరి లెక్కను. నాకు ముఖ్యమనిపించింది వేరే. వేలమంది ఒక యంత్రం ముందు ఒకలాగా, రెండడుగుల దూరంలో ఉన్న ఇంకో యంత్రం ముందు ఇంకోలాగా తీర్పు చెప్పారు. ఏ జెండాకూ పూర్తిగా రాసివ్వని మనసు మన పల్లెల్లో ఉంది.

మరి ఆ మనసు బూత్ బయటికి రాగానే ఏమవుతోంది? స్నేహితుడి పెళ్ళి బంతిలో నలుగురు ఒక పార్టీ వాళ్ళు కూర్చుంటే ఐదోవాడు నోరెత్తడు. ఎత్తితే వాళ్ళకన్నా గట్టిగా వాళ్ళ మాటే అంటాడు. వాట్సాప్ గ్రూపులో ఒకడు ఎదుటి నాయకుణ్ణి బూతు తిడితే, లోపల నచ్చకపోయినా నవ్వు బొమ్మ పెట్టేవాళ్ళే ఎక్కువ. గుంపు నుంచి విడిపోతామనే భయం అది. బూత్‌లో తెర చాటున ఒంటరిగా ఉన్నప్పుడు దొరికిన ధైర్యం నలుగురిలోకి వచ్చేసరికి జారిపోతోంది. వ్యక్తిత్వం పెంచుకోవాలనుకునేవాడికి ఇంగ్లిషు మాట్లాడటం, వేదికెక్కి ప్రసంగించడం తర్వాతి సంగతులు. తన మాట తనదిగా, ఎదుటివాడి మనసు విరగకుండా చెప్పగలగడం మొదటి సంగతి.

నాయకుల సంగతే చూడండి. చంద్రబాబునాయుడు తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. వైఎస్ రాజశేఖరరెడ్డి తిరుపతి వైద్య కళాశాలలో హౌస్ సర్జన్‌గా ఉన్నారు. 1978లో ఇద్దరూ తొలిసారి ఎమ్మెల్యేలయ్యారు, ఇద్దరూ ముఖ్యమంత్రి అంజయ్య మంత్రివర్గంలో పనిచేశారు, ఆ రోజుల్లో మంచి మిత్రులు. తర్వాత జీవితమంతా ఎదురెదురు పక్షాల్లో నడిచారు. రాజకీయంలో దగ్గరా దూరమూ ఇలా మారిపోతూ ఉంటాయి. ఈరోజు తిట్టుకున్న పార్టీలు రేపు పొత్తు పెట్టుకుంటాయి, వాళ్ళ కోసం పగబట్టిన మనం మాత్రం పక్కింటివాడితో మాటలు లేకుండా మిగిలిపోతాం.

తిట్టుకు కూడా ఒక హద్దు ఉండాలని మన పెద్దలకు తెలుసు. మేలో జరిగే తిరుపతి తాతయ్యగుంట గంగజాతర చూసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం. వేషంలో ఉన్నవాడు ఎంత పెద్దమనిషినైనా బూతులు తిట్టవచ్చు, తిట్టించుకున్నవాడు కోపగించుకోకూడదు. ఆ వారం గడిచి వేషం తీశాక ఆ తిట్లు ఎవరూ మనసులో పెట్టుకోరు. ఎన్నికల ప్రచారంలో మనం వేసుకున్న వేషాన్ని ఐదేళ్ళూ తీయకుండా తిరుగుతున్నాం. ముఖానికి రంగు పూసినవాడికి ఒంటరిగా ఉన్నప్పుడైనా కడుక్కోవాలనిపిస్తుంది, మన ఫోన్ మాత్రం పగలూ రాత్రీ కొత్త రంగు పూస్తూనే ఉంటుంది. ఎవరికి ఏ వీడియో చూస్తే కోపం వస్తుందో ఆ వీడియోనే వాడికి మళ్ళీమళ్ళీ చూపించడం దాని పని. వరసగా మూడు రాజకీయ వీడియోలు చూశాక స్నేహితుడి ఇంటికి పోవద్దు. కాసేపు ఆగి, మామూలు మనిషయ్యాక పోండి.

నలుగురికీ నచ్చని మాటను పగ లేకుండా చెప్పడం ఎలాగో నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఏర్పేడు దగ్గరి వ్యాసాశ్రమమే చాలు. 1885లో కేరళలో పుట్టి, మలయాళ స్వామిగా పేరుపొందిన సన్యాసి 1926లో దాన్ని స్థాపించారు. సంస్కృతం, వేదాంతం కొన్ని కులాలకు, అందులోనూ మగవాళ్ళకు మాత్రమే అని పండితులు గట్టిగా పట్టుబట్టిన కాలం. ఆయన స్త్రీలకూ అన్ని కులాలవాళ్ళకూ ఆ తలుపులు తీశారు. ఎదిరించినవాళ్ళకు శాస్త్రాలతోనే జవాబిచ్చారు, గ్రంథాలు రాశారు, చర్చకు కూర్చున్నారు. 1962లో కన్నుమూసేదాకా చేసిన పని అదే. పండితుల గుంపు ఏమనుకుంటుందోనని ఆగివుంటే ఈ ప్రాంతంలో ఎందరికో ఆ చదువు అందేది కాదు. ఒక్కడైనా నిలబడవచ్చని, నిలబడటానికి ఎవరినీ తిట్టనక్కర్లేదని ఆయన జీవితం చెబుతుంది.

ఇక రాజకీయం అంటే ఏమిటో కూడా ఏర్పేడు నేలే నేర్పింది, చాలా కష్టంగా నేర్పింది. 2017 ఏప్రిల్ 21న మునగలపాళెం గ్రామస్థులు ఏర్పేడు పోలీస్ స్టేషన్ ముందుకు వచ్చారు. ఏ నాయకుడికో జై కొట్టడానికి కాదు, తమ ఊరి దగ్గర స్వర్ణముఖిలో ఇసుక తవ్వకాలు ఆపమని అడగడానికి. అదుపు తప్పిన లారీ వాళ్ళ మీదికి దూసుకొచ్చింది. ఒక్క ఊరిలో ఎన్నో కుటుంబాలు మనుషుల్ని పోగొట్టుకున్నాయి. ఏటిలో ఇసుక ఉంటేనే వాన నీళ్ళు నిలిచి భూమిలోకి దిగుతాయి, దిగితేనే ఒడ్డున బావులూ బోర్లూ బతుకుతాయి. ఆ రైతులకు అది సొంత పంట సంగతి. రాజకీయం అంటే ఇదీ. రాత్రి టీవీ చర్చలో ఎవరు ఎవరిని ఎంత ఎత్తిపొడిచారన్నది వినోదం, దాన్ని వినోదంగానే చూడాలి. స్నేహితులు కలిసినచోట రాజకీయాలు ఎత్తకూడదనే సలహా నాకు నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే. ఎత్తండి, నాయకుల గురించి కాక ఏరు గురించి, బడి గురించి, ఊరికి రావలసిన బస్సు గురించి ఎత్తండి. వేర్వేరు పార్టీలకు ఓటేసిన ఇద్దరి బోరూ ఒకేసారి ఎండిపోతుంది. ఆ మాట దగ్గర ఇద్దరూ ఒకటవుతారు.

కొన్ని అలవాట్లు చేసుకోవచ్చు. మీకు నచ్చిన ప్రభుత్వం చేసిన తప్పు ఒకటి, నచ్చని ప్రభుత్వం చేసిన మంచి ఒకటి మీ నోటితో పైకి చెప్పి చూడండి. చెప్పలేకపోతే ఆ అభిప్రాయం మీది కాదు, ఎవరో మీ చేతిలో పెట్టింది. బంతిలో వాదం ముదిరినప్పుడు “నాకట్లా అనిపించడంలేదు మచ్చా, ఎందుకో తీరిగ్గా చెప్తా” అని ఆగండి. ఆ ఒక్క మాటతో మీరు లొంగినట్టూ కాదు, తెగదెంపులు చేసుకున్నట్టూ కాదు. శుభకార్యానికి పిలిచినవాడి ముందు అతని పార్టీని ఎగతాళి చేయొద్దు. ఆ రోజు ఆ ఇంట్లో మనం వాదించేవాళ్ళం కాదు, దీవించేవాళ్ళం. చదివింపుల పుస్తకం రాసేవాడు పేరు, ఊరు, మొత్తం రాసుకుంటాడు. పార్టీకి అందులో గడి లేదు. సినిమా దగ్గర మాత్రం మీ ఇష్టం. అభిమాన హీరోకు కాగితాలు విసిరి ఈల వేయండి, ఎదుటి హీరో అభిమానిని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మరీ వేయండి.

మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. మనిషిని చూసి, పని చూసి ఎంచుకోమని చట్టమే మన ఊళ్ళకు ఒక చోటు మిగిల్చింది. ఆ ఎన్నికలు ఎప్పుడు వచ్చినా సరే, దానికి ముందు పార్టీ పేరు మీద మీరు మాట్లాడటం మానేసిన స్నేహితుడి ఇంటికి వెళ్ళండి. ఇద్దరూ కూర్చుని మీ వార్డుకు కావలసిన మూడు పనులు కాగితం మీద రాయండి. ఓటడగడానికి ఎవరు వచ్చినా ఆ కాగితాన్ని ఇద్దరూ కలిసి చూపించండి.