ఆ డబ్బు ఎవరికి వెళ్లింది, మేడమ్?



ప్రపంచంలో అత్యంత ఖరీదైన పెయింటింగ్ ఏది? జీకే క్విజ్‌కి తయారయ్యే పిల్లలు దీనికి టకీమని జవాబు చెప్పేస్తారు. 'సాల్వటోర్ ముండి', లియొనార్డో డావిన్చి, 450.3 మిలియన్ డాలర్లు. మా ఎనిమిదో తరగతిలోనూ అలాగే చెప్పారు. వెనక బెంచీలోంచి ఒక బాబు మాత్రం లేచి, "ఆ డబ్బు ఎవరికి వెళ్లింది, మేడమ్?" అని అడిగాడు. క్విజ్ పుస్తకంలో లేని ప్రశ్న. ఆ రోజు పీరియడ్ అంతా దానికే సరిపోయింది. అందులో కొంత మీకూ చెప్పాలనిపించింది.

లియొనార్డోకి వెళ్లలేదు. ఆయన 1519లోనే చనిపోయారు. చెక్క పలక మీద గీసిన ఆ క్రీస్తు చిత్రం 1958లో లండన్‌లో వేలానికి వస్తే 45 పౌండ్లకు అమ్ముడుపోయింది. కోట్లు కాదండీ, అక్షరాలా నలభై అయిదు పౌండ్లు. అప్పటికే దాని మీద ఎవరెవరో రంగులు పూసేశారు. అది లియొనార్డోదని ఎవరూ అనుకోలేదు. 2005లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఇద్దరు డీలర్లు దాన్ని 1,175 డాలర్లకు కొని, పైపూతలు జాగ్రత్తగా తీయించి, బాగు చేయించి, నిపుణులకు చూపించారు. 2011లో లండన్ నేషనల్ గ్యాలరీ దాన్ని లియొనార్డో చిత్రంగానే ప్రదర్శనకు పెట్టింది. 2013లో ఒక రష్యన్ సంపన్నుడు 127.5 మిలియన్ డాలర్లు ఇచ్చి కొన్నాడు. 2017 నవంబర్ 15న న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో అమ్మింది ఆయనే. పాట 370 మిలియన్ల నుంచి ఒక్క గెంతులో 400కి చేరి ఆగింది. దాని మీద వేలం సంస్థ ఫీజు 50.3 మిలియన్లు. రెండూ కలిపితే మన పిల్లలు బట్టీ పట్టిన అంకె వస్తుంది. అప్పటి మారకం రేటు ప్రకారం దాదాపు 2,900 కోట్ల రూపాయలు.

పలక అదే. పైపూతలు పోయాయి, నిజమే. కానీ ధరను అంత ఎత్తుకు తీసుకెళ్లింది పేరు. లియొనార్డోవేనని అందరూ ఒప్పుకునే పెయింటింగులు ప్రపంచంలో ఇరవై లోపే ఉంటాయి. అవీ దాదాపు అన్నీ మ్యూజియాల్లోనే ఉన్నాయి, అమ్మకానికి రావు. ఒకటి బయటికొస్తే, కావాలని పట్టుబట్టేవాళ్లు ఇద్దరుంటే చాలు, పాట ఎక్కడిదాకా అయినా పోతుంది. ఇందులో ఆయన చెయ్యి తక్కువ, శిష్యుల చెయ్యి ఎక్కువ అనే పండితులు ఇప్పటికీ ఉన్నారు.

"మరి వాన్ గో?" అంది ఇంకో అమ్మాయి. ఆయన 'డాక్టర్ గాషే' చిత్రాన్ని 1890 జూన్‌లో గీసి, మరుసటి నెలలోనే 37 ఏళ్లకు చనిపోయారు. నూరేళ్ల తర్వాత, 1990లో, అది 82.5 మిలియన్ డాలర్లు పలికింది. ఆయన బతికున్నప్పుడు 'ఎర్ర ద్రాక్షతోట' అనే చిత్రం 400 ఫ్రాంకులకు అమ్ముడైంది. ఇల్లు గడిచింది మాత్రం తమ్ముడు థియో నెలనెలా పంపిన డబ్బుతో. అన్న పోయిన ఆరు నెలలకే థియో కూడా పోయారు. ఆయన భార్య జొహానాకు అప్పుడు 28 ఏళ్లు, చంకలో ఏడాది నిండని బాబు, ఇంటినిండా ఎవరూ కొనని బొమ్మలు.

ఆమె పెళ్లికి ముందు ఆడపిల్లల స్కూల్లో ఇంగ్లిష్ చెప్పారట. (అది చదివినప్పుడు నాకు కొంచెం గర్వంగా అనిపించింది.) ఒక చిన్న ఊళ్లో అద్దెకు గదులిచ్చి, భోజనం పెట్టి సంసారం నడుపుకుంటూ, ఆ బొమ్మల్ని ప్రదర్శనలకు పంపారు. వాన్ గో తమ్ముడికి రాసిన ఉత్తరాలు సర్ది 1914లో పుస్తకంగా తెచ్చారు. అన్నీ ఒకేసారి అమ్మేయకుండా ఆచితూచి అమ్మారు. ఈ రోజు వాన్ గో పేరు మనందరికీ తెలుసంటే ఆమె చలవే. జీకే పుస్తకాల్లో ఆమె పేరు నాకెక్కడా కనిపించలేదు.

మన దగ్గరా ఇలాంటి కథ ఉంది. 1930లలో అమృతా షేర్‌గిల్ చిత్రాలు హైదరాబాద్ వచ్చాయి. సాలార్‌జంగ్ నవాబు వాటిని చూసి, కొనకుండా తిప్పి పంపారు. ఆమె 1941లో 28 ఏళ్లకే చనిపోయారు. 1937లో ఆమె గీసిన 'ది స్టోరీ టెల్లర్' 2023లో 61.8 కోట్లు పలికింది.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, పేరెంట్స్ మీటింగుల్లో నాకు రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి, "బొమ్మలు కూడు పెడతాయా మేడమ్? ఆ పీరియడ్‌లో మ్యాథ్స్ చెప్పండి." రెండోది, "మా పాప బాగా గీస్తుంది, పెయింటింగులు కోట్లు పలుకుతాయట కదా?" ఆకలితో ఉన్న వాన్ గోని చూపించి పిల్లల్ని భయపెట్టొద్దు, 450 మిలియన్లు చూపించి ఆశా పెట్టొద్దు. ఆ రెండు అంకెలూ బొమ్మ గీసినవాళ్ల చేతిలో లేనివే. డ్రాయింగ్ వచ్చిన పిల్లలకు ఆర్కిటెక్చర్, యానిమేషన్, డిజైన్ కోర్సులున్నాయి. వాటి గురించి విడిగా రాస్తాను.

ఈ ఆదివారం మీ ఫోన్‌లో ఎం.ఎఫ్. హుస్సేన్ 'గ్రామ్ యాత్ర' తెరవండి. 1954లో గీసిన ఈ చిత్రం దాదాపు 14 అడుగుల పొడవు. ఒక డాక్టరు కొని తీసుకెళ్తే ఏళ్ల తరబడి నార్వేలో ఆస్పత్రి గోడ మీద ఉండిపోయింది. 2025 మార్చిలో ఎంతకు అమ్ముడైందో పిల్లలకు అప్పుడే చెప్పకండి. అందులో పల్లెటూరి బతుకు 13 చిన్న చిన్న బొమ్మలుగా ఉంటుంది. ఒంటరిగా నిలబడ్డ రైతు ఎక్కడున్నాడో వెతకమనండి. తన గడిలో ఇమడకుండా పక్క గడిలోకి చెయ్యి చాచి ఉంటాడు. అలా ఎందుకు గీశారనుకుంటున్నావు అని అడగండి. వాళ్లు చెప్పింది డైరీలో రెండు వాక్యాలు రాసి పంపితే సోమవారం క్లాసులో చదువుకుంటాం. ధర 118 కోట్లు, అది ఆ తర్వాత చెప్పొచ్చు.