కొండ నుండి కడలి వరకు

కూచిపూడి పరిసరములలో పొలము దున్నినను, చెరువు త్రవ్వినను మన్నే కాని రాయి కనబడదు. దీనికి కారణము తెలిసికొనవలెనన్నచో కొండ నుండి కడలి వరకు ఒకమారు ప్రయాణము చేయవలెను.

విజయవాడ వద్ద ఇంద్రకీలాద్రికిని, ఆవలి ఒడ్డున సీతానగరము కొండకును నడుమ కృష్ణానది ఇరుకుగా సాగును. ఈ గట్టి తావు చూచియే 1855 లో ఆనకట్టను పూర్తి చేసిరి. దాని స్థానమున 1957 లో ప్రకాశం బ్యారేజి వెలసినది. కొండల సీమ దాదాపు ఇచ్చటనే ముగియును. దిగువనున్న మైదానమంతయు వేల యేండ్లుగా నది మోసికొనివచ్చి పరచిన ఒండ్రుమట్టి.

ఘంటసాల ఇందుకు సాక్షి. టాలెమీ వ్రాసిన ‘కంటకస్సైల’ యను వర్తకస్థానము ఇదియేనని చరిత్రకారుల అభిప్రాయము. నాడు ఓడ వర్తకమునకు పేరుగన్న ఆ ఊరు నేడు సముద్రమునకు ఎంతో లోపల నున్నది. దానికి చేరువనే కూచిపూడి. గోలకొండ ప్రభువు తానీషా ఈ గ్రామమును భాగవతులకు అగ్రహారముగా ఇచ్చెనని ప్రతీతి. ఆ కళను పోషించినది కూడ ఈ ఒండ్రునేల పంటయే.

పులిగడ్డ వద్ద కృష్ణ చీలి, పాయల నడుమ దివిసీమను ఏర్పరచినది. నాగాయలంక, కోడూరు దాటి తీరమునకు పోయినకొలది వరిచేలు తగ్గి, ఉప్పుటేరులు, చిత్తడి నేలలు, మడ అడవులు ఎదురగును. అడుగిడినచో కాలు మోకాటివరకు దిగబడును. ఊపిరాడని ఆ బురదలో మడచెట్లు ఎట్లు బ్రతుకుచున్నవి? కొన్ని జాతుల వేళ్లు నేలను చీల్చుకొని పైకి వచ్చి గాలి పీల్చుకొనును. పోటుతో వచ్చిన చేపపిల్లలకు, రొయ్యలకు, పీతలకు ఆ వేళ్ల నడుమ ఆశ్రయము లభించును. అచ్చటనే బావురుపిల్లియు వేటాడును.

ఈ అడవిని పనికిరాని బురదయని తలచుట తప్పు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో సుమారు ఐదు మీటర్ల ఎత్తున నీరు దివిసీమపై విరుచుకొనిపడి, పదివేలమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. మడ అడవి అంతటి ఉప్పెనను పూర్తిగా ఆపజాలదు. కాని అలల ఉరవడిని తగ్గించును, తీరపు మట్టిని పట్టియుంచును. అయినను తరువాతి కాలమున రొయ్యల చెరువులకై పలుచోట్ల దానిని నరికివేసిరి.

మరియొక విషయము గమనింపదగినది. ఎగువనున్న జలాశయములు పంటలకు నీరిచ్చుచున్నవి. కాని నది తెచ్చు ఒండ్రును కూడ ఆపివేయుచున్నవి. మట్టి రాక తగ్గుటచే, ఒకనాడు ముందునకు పెరిగిన తీరము నేడు పెక్కుచోట్ల కోతకు గురియగుచున్నది.

కావున విహారయాత్రకు హంసలదీవి పోవునపుడు సాగరసంగమమును చూచి మరలిరాక, బురదలోని వేళ్లను, కోసుకొనిపోయిన ఒడ్డును కూడ చూడుడు. అచ్చటి జాలరి పెద్దలను అడిగి, వారి చిన్ననాడు ఒడ్డు ఎంతవరకు ఉండెడిదో వ్రాసికొనుడు. నది ఇచ్చిన నేలను నిలుపుకొనుట మన బాధ్యత. దానికి ఆ వ్రాతయే తొలి మెట్టు.