భూమి ఎవరిది?

ఇది ఒక ఊరు పుట్టిన కథ. ఆ ఊరి పేరు ప్రావిడెన్స్. అది అమెరికాలో ఉంది.

పూర్వం ఇంగ్లాండులో ప్యూరిటన్లు అనే క్రైస్తవులు ఉండేవాళ్ళు. చర్చిలో ఆడంబరాలు వద్దనేవాళ్ళు. అందుకని రాజు, మతపెద్దలు వాళ్ళను బాధపెట్టారు. చాలామంది ఓడలెక్కి అమెరికా వెళ్ళిపోయారు. వాళ్ళలో రోజర్ విలియమ్స్ ఒకరు. ఆయన చర్చి బోధకుడు. 1631లో భార్య మేరీతో కలిసి బోస్టన్ చేరారు.

అక్కడ ప్యూరిటన్లదే పెత్తనం. బాధలు పడి వచ్చినవాళ్ళే ఇతరులను బాధపెట్టసాగారు. రోజర్ ఊరుకోలేదు. రెండు మాటలు గట్టిగా చెప్పారు.

ఒకటి: దేవుణ్ణి ఎలా కొలవాలో సర్కారు చెప్పకూడదు.

రెండు: ఈ భూమి ఇక్కడి ఆదివాసులది. ఇంగ్లాండు రాజు పట్టా రాసిస్తే చాలదు. తనది కాని భూమిని రాజు ఎలా ఇస్తాడు?

పెద్దలకు కోపం వచ్చింది. 1635లో కోర్టు ఆయనకు బహిష్కారం వేసింది. 1636 జనవరిలో ఆయనను పట్టి ఓడ ఎక్కించాలని చూశారు. ఆ సంగతి ముందే తెలిసింది. ఆయన మంచులో నడిచి వెళ్ళిపోయారు. ఆ చలికాలం ఆయనకు నీడ ఇచ్చింది ఎవరు? ఆదివాసులే! అంతకుముందే ఆయన వాళ్ళ గుడిసెల్లో కూర్చుని, వాళ్ళ భాష నేర్చుకున్నారు.

ఆ ఏడాదే నారగాన్‌సెట్ తెగ పెద్దలు ఆయనకు స్థలం ఇచ్చారు. అక్కడే ప్రావిడెన్స్ ఊరు వెలిసింది. ఊరి పనులు అందరూ కూడి నిర్ణయించాలి. మతం జోలికి మాత్రం పోరాదు. ఇదీ ఆ ఊరి కట్టుబాటు.

1643లో ఆయన ఆ తెగ భాష మీద పుస్తకం అచ్చు వేయించారు.

1675లో యుద్ధం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు నారగాన్‌సెట్ కోట మీద పడి ఎందరినో చంపారు. 1676లో ఆదివాసులు ప్రావిడెన్స్‌ను తగలబెట్టారు. రోజర్ ఇల్లు కూడా కాలిపోయింది. తరువాత, పట్టుబడిన ఆదివాసులను ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి చాకిరీకి అమ్మారు. ఆ పని జరిపించిన వాళ్ళలో రోజర్ కూడా ఉన్నారు. భూమి మీదే అన్న మనిషి, నీడ ఇచ్చినవాళ్ళ పట్ల అలా చేశారు. 1683లో ఆయన చనిపోయారు.

ఆయన చెప్పిన మంచి మాట నిలిచింది. చేసిన తప్పు కూడా చరిత్రలో నిలిచింది. రెండూ మనం తెలుసుకోవాలి.

కలిసి మాట్లాడుకోండి:

1. కోర్టు రోజర్‌ను ఎందుకు వెళ్ళగొట్టింది?
2. ఆదివాసుల భాష నేర్చుకోవడం ఆయనకు ఎలా మేలు చేసింది?
3. బాధలు పడినవాళ్ళే ఇతరులను ఎందుకు బాధపెడతారు?