బాయి నేర్పిన రిపేరు

గోదావరిఖనిలో బొగ్గు బాయి కరెంటు పని చేసి రిటైరైన. ఇప్పుడు కాలనీ పిల్లలు సెకండ్ హ్యాండ్‌ల కొన్న కంప్యూటర్లు పట్టుకొని మా వరండాకు వస్తరు. వాళ్లకు చెప్పేవే ఇవి.

1. ముందు లైన్ కట్ చెయ్యి. బాయిల గేట్ ఎండ్ బాక్సు ఆపి, తాళం వేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నంకనే కేబుల్ ముట్టేటోళ్లం. ఇక్కడా ప్లగ్గు పీకు, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టు, డబ్బా రేకును ముట్టుకొని పని మొదలుపెట్టు. మిషన్‌కు కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకు. ప్లగ్గు పీకినా దాని కెపాసిటర్లల కరెంటు నిలిచి ఉంటది.

2. మన ఊళ్ల మొదటి దొంగ దుమ్మే. పది నిమిషాలు నడిచి ఆగిపోయే మిషన్‌ల ప్రాసెసర్ ఫ్యాన్ కింద చూడు, ఓపెన్‌కాస్ట్ బాయి దుమ్ము పరుపులెక్క పేరుకొని ఉంటది. బయటికి తెచ్చి బ్లోయర్ కొట్టు. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపిపట్టు. ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పెట్టు.

3. చెవి పెట్టు. బాయిల పైకప్పును గడ్డపారతో తట్టి వినేటోళ్లు. గట్టి కప్పు గణగణమంటది, వదులైంది డొల్లగా మోగుతది. కంప్యూటర్ బీప్‌లూ గసొంటివే. వాటి లెక్క బోర్డును బట్టి మారుతది, మోడల్ చూసి పుస్తకంల వెతుకు. ర్యామ్ మొత్తం తీసి ఆన్ చేస్తే బీప్ వచ్చిందా, బోర్డు, ప్రాసెసర్ చాలావరకు బతికున్నట్టే. ర్యామ్ పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగ రుద్ది, పొడి దులిపి, మళ్ల గట్టిగ కూసోబెట్టు.

4. ఒకసారికి ఒక్కటే మార్చు. ఒక పిల్లగాడు ర్యామ్, డిస్కు, ఎస్ఎంపీఎస్ మూడూ ఒకే రోజు మార్చి తెచ్చిండు. మిషన్ నడుస్తుంది గాని ఏది చెడిందో తెలియదు. పాతవి ఒక్కొక్కటే పెట్టి చూసిన. ర్యామ్, డిస్కు బాగనే ఉన్నయి. రెండింటి పైసలు మట్టిల కలిసినయి.

5. అనుమానం ఉంటే మీటర్ పెట్టు. మిషన్ నడుస్తుండంగ 12 వోల్టుల లైన్ 11.4 కు, 12.6 కు నడుమ ఉండాలె. రోజూ తేదీ వెనక్కి పోతుందంటే బోర్డు మీది 3 వోల్టుల సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. దానికి మెకానిక్ అక్కర్లేదు.

6. హార్డ్ డిస్కు టక్కుటక్కుమంటే రిపేరు ఆలోచన పక్కకు పెట్టు, ఫొటోలు, సర్టిఫికెట్లు కాపీ చేసుకో. బాయిల కప్పు చప్పుడు చేస్తే మనుషులను బయటికి తెస్తం, బొగ్గు సంగతి తర్వాత.

7. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి కారుతుంటే పాత మిషన్‌కు ఇంక పైసలు పెట్టకు. బాగున్న డిస్కు, ర్యామ్ తీసి దాచుకో, మిగతాది ఈ-వేస్ట్ కొనేటోళ్లకు ఇయ్యి. బొగ్గు అయిపోయిన బాయినైనా గంతే చేస్తం బిడ్డా. పంపులు, మోటర్లు పైకి తెచ్చుకొని మూసేస్తం.