బాలల న్యాయస్థానము

నలుగురు పిల్లలు చేరినచోట ఆటయు నుండును, అలుకయు నుండును, తగవును నుండును. బలపము పోయెనని యొకడు, మాఱుపేరు పెట్టి వెక్కిరించిరని యొకడు, ఆటలో చేర్చుకొనలేదని యొకడు కంట తడి పెట్టుచుండును. పెద్దలు వీనిని చిన్న విషయములని త్రోసివేయుదురు. కాని ఆ బాలునకు ఆ దినమున అంతకంటె పెద్ద దుఃఖము లేదు. ఈ సత్యమును గ్రహించి, పిల్లల సేవకే జీవితమును ధారపోసిన మహనీయుడు యానుష్ కోర్చాక్.

ఈయన పోలెండు దేశమునందలి వార్సా నగరమున జన్మించెను. అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. యానుష్ కోర్చాక్ అనునది కలము పేరు. వృత్తిచే పిల్లల వైద్యుడు. దేహమునకు వచ్చు జబ్బులకు మందు గలదు గాని, మనస్సునకు తగిలిన గాయముల మాట యేమని ఆయన యోచించెను. 1912వ సంవత్సరమున వార్సాలో యూదుల అనాథ బాలబాలికలకై నెలకొల్పబడిన శరణాలయమునకు అధిపతి యయ్యెను. స్టెఫానియా విల్చిన్‌స్కా అను విదుషీమణి ఆయనకు కుడిభుజమై నిలిచెను. అందు సుమారు నూరుగురు పిల్లలు పెరుగుచుండిరి.

క్రొత్తగా వచ్చిన బాలునకు ఆ యింటి అలవాట్లు తెలియవు, తోడెవ్వరును ఉండరు. కావున పెద్దపిల్లలలో నొకరు మూడు నెలలపాటు వానికి సంరక్షకుడుగా నుండెడివాడు. నోరు తెఱచి చెప్పుకొనలేని బిడియస్థులకై ఒక ఉత్తరముల పెట్టె యుండెను. మనసులోని కోరికను గాని, బాధను గాని వ్రాసి అందు వేయవచ్చును. వ్రాయుటకు కూర్చున్నవాడు కొంత ఆలోచింపక తప్పదు. జవాబు వచ్చువఱకు ఓపిక పట్టకయు తప్పదు. తఱచుగా పోట్లాడు పిల్లలతో కోర్చాక్ పందెము వేసెడివాడు. ఈ వారము ఇన్ని మార్లకు మించి కొట్లాడనని బాలుడు మాట యిచ్చును. గెలిచినచో మిఠాయి లభించును. గెలిచెనో ఓడెనో బాలుడే చెప్పవలెను. వాని మాటయే ప్రమాణము.

వీనికన్నిటికిని తలమానికము బాలల న్యాయస్థానము. ఒకడు తన్ను కొట్టినను, తిట్టినను తిరిగి కొట్టనక్కఱలేదు. తన పేరును, ప్రతివాది పేరును పలకపై వ్రాసిన చాలును. వారమున కొకమాఱు విచారణ జరుగును. న్యాయాధిపతులు ఐదుగురు, వారును పిల్లలే. ఆ వారమున తమపై అభియోగము లేనివారినుండి చీట్లు వేసి వారిని ఎన్నుకొనెడివారు. తెలియక చేసెనా, కోపముచే చేసెనా, పశ్చాత్తాపపడుచున్నాడా యని వారు విచారించెడివారు. ఆ న్యాయస్మృతిలో 1 మొదలు 99 వఱకు గల విధులలో శిక్ష యన్నది లేదు. క్షమించుటయే వాని సారము. 100వ విధి నేరము నిజమని తేల్చునేగాని శిక్షింపదు. చిట్టచివరి దగు 1000వ విధి మాత్రమే శరణాలయమునుండి పంపివేయుమని చెప్పును.

ఈ యేర్పాటు మొదటినుండియు సాఫీగా సాగలేదు. కొందఱు దానిని పరిహసించిరి. ఒక పర్యాయము కొన్ని వారములు దానిని నిలిపివేయవలసి వచ్చెను. లోపములను దిద్ది మరల నడపిరి. పెద్దలును దానికి లోబడినవారే. కోర్చాక్ ఆఱునెలలలో ఐదుసార్లు తనపై తానే అభియోగము తెచ్చుకొనెను. ఒక బాలుని చెవిపై కొట్టినందులకు ఒకమాఱు, ఒక బాలికపై దొంగతనము అనుమానించినందులకు ఒకమాఱు ఆయన పిల్లల తీర్పునకు తలయొగ్గెను.

1940లో జర్మను నాజీలు వార్సా నగరపు యూదులను గోడల నడుమ బంధించిరి. శరణాలయమును అచ్చటికే చేరెను. 1942 జూలై 18వ తేదీన పిల్లలు రవీంద్రనాథ ఠాకూరు రచించిన ‘డాక్ ఘర్’ నాటకమును ప్రదర్శించిరి. గది విడువరాని రోగియై కిటికీనుండియే లోకమును ప్రేమించు అమల్ అను బాలుని కథ యది. మరణభయమును ప్రశాంతముగా ఎదుర్కొనుటను పిల్లలు నేర్చుకొనవలెననియే దానిని ఎంచెనని చెప్పుదురు. మఱుసటి నెలలో నాజీలు సుమారు 200 మంది పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరమునకు తరలించిరి. కోర్చాక్‌ను తప్పించి దాచుటకు మిత్రులు సిద్ధపడినను ఆయన అంగీకరింపలేదు. ఆయనయు, స్టెఫానియాయు పిల్లలతో నడచిపోయి, వారితోనే ప్రాణములు విడిచిరి.

ఆయన యాశయము నశింపలేదు. బాలల హక్కులకై అంతర్జాతీయ ఒడంబడిక కావలెనని 1978లో ప్రతిపాదించినది పోలెండు దేశమే. 1989 నవంబరు 20వ తేదీన ఐక్యరాజ్యసమితి దానిని ఆమోదించెను. తనకు సంబంధించిన విషయములలో తన యభిప్రాయము చెప్పుకొను హక్కు బాలునకు గలదని అందు వ్రాయబడెను. 1992లో భారతదేశము అందు చేరెను. మన దేశమున 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము పాఠశాలలలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది.

అయినను చట్టము చేయి నాపగలదే గాని, మనస్సును మార్చజాలదు. కోపము నణచుకొనుట, ఎదుటివాని మాట వినుట, తప్పు నొప్పుకొనుట, క్షమించుట అనునవి గణితమువలె, భాషవలె అభ్యాసముచే అబ్బవలసిన విద్యలు. ఆ యభ్యాసమునకు పాఠశాలకంటె తగిన చోటు లేదు. తోటి విద్యార్థికంటె తగిన తోడు లేడు.